గంజాయి కేసు, ప్రొసీజర్‌లో తప్పులు: ఏ తప్పు బెయిల్‌కు పనికొస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఐదు నెలల క్రితం నర్సీపట్నం వైపు ఒక బస్టాండ్ దగ్గర మీ తమ్ముణ్ణి, అతని స్నేహితుణ్ణి పట్టుకున్నారు. ఇద్దరి దగ్గర చెరో బ్యాగు ఉంది, మొత్తం 22 కిలోల గంజాయి అని కేసు రాశారు. శాంపిల్స్ స్పాట్‌లో పోలీసులే తీశారు, మేజిస్ట్రేట్ ముందు తీయలేదు. సెక్షన్ 50 నోటీసు ఇవ్వలేదు. సమాచారం ముందే ఉన్నా పైఅధికారికి రాసి పంపలేదు. సెషన్స్ కోర్టు బెయిల్ కొట్టేసింది. ఛార్జిషీట్ ఇంకా పడలేదు. శాంపిల్స్ గురించిన సెక్షన్ 52-ఏ పాటించకపోతే కేసే నిలవదని సుప్రీంకోర్టు చెప్పిందని వీడియోల్లో విన్నారు. హైకోర్టులో ఈ తప్పులన్నీ చూపిస్తే బెయిల్ వస్తుందా అని అడిగారు.

మీరు చెప్పిన మూడు తప్పుల్లో రెండు మీ కేసుకు దాదాపు వర్తించవు. మూడోది వర్తిస్తుంది కానీ వీడియోల్లో చెప్పినంత సులువుగా కాదు. వీటికంటే బలమైన విషయాలు రెండు మీ ప్రశ్నలోనే ఉన్నాయి, వాటిని మీరు పక్కన పెట్టేశారు. ఒకటి ఆ రెండు బ్యాగులు. రెండోది ఐదు నెలలు, ఛార్జిషీట్ పడలేదు అన్న మాట.

ముందు అసలు అడ్డం ఎక్కడుందో చూద్దాం. ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టంలో సెక్షన్ 37 కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపార స్థాయి పరిమాణం) కేసులకు మామూలు బెయిల్ సూత్రాలను మార్చేస్తుంది. పీపీకి, అంటే ప్రభుత్వ లాయర్‌కు, వాదించే అవకాశం ఇవ్వాలి. ఆయన వ్యతిరేకిస్తే, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలు ఉన్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేసే అవకాశం లేదని, ఈ రెండింటి మీదా జడ్జి తృప్తి పడాలి. మామూలు కేసుల్లో ‘పారిపోడు, సాక్షుల్ని బెదిరించడు’ అని చెబితే సరిపోయే చోట, ఇక్కడ కేసు బలాబలాల్లోకి వెళ్లక తప్పదు. 2007లో శివశంకర్ కేసరి కేసులో ఈ ‘సహేతుకమైన కారణాలు’ అంటే పైపైన కనిపించే కారణాల కంటే బలమైనవి ఉండాలని సుప్రీంకోర్టు అంది. ఈ గోడ గంజాయికి ఎక్కడ మొదలవుతుందంటే 20 కిలోలు దాటితే. 1 కిలో వరకు చిన్న పరిమాణం. 1 దాటి 20 వరకు మధ్యస్థం. మధ్యస్థం అయితే శిక్ష 10 ఏళ్ల వరకు ఉండొచ్చు, కానీ కనీస శిక్ష అంటూ లేదు, సెక్షన్ 37 షరతులూ వర్తించవు. కమర్షియల్ అయితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20, జరిమానా లక్షకు తగ్గకుండా 2 లక్షల వరకు.

అంటే 22 కిలోలు అన్న అంకె మీద మీ తమ్ముడి బెయిల్ మొత్తం ఆధారపడి ఉంది. ఆ అంకె దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను.

చెరో బ్యాగు అన్నారు. పంచనామా తెచ్చుకుని చూడండి. మీ తమ్ముడి బ్యాగులో ఎంత, స్నేహితుడి బ్యాగులో ఎంత అని విడివిడిగా తూకం రాశారా? రాసి ఉంటే, ఉదాహరణకు ఒకదాంట్లో 11, రెండోదాంట్లో 11 ఉంటే, ఏ ఒక్కరి దగ్గరా కమర్షియల్ లేదు. కలిపితేనే 22. అమర్‌సింగ్ రామ్‌జీభాయ్ బారోట్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నే చూసింది. ఇద్దరు కలిసి వెళ్తూ చెరికాస్త సరుకు మోస్తున్నారు. కింది కోర్టులు రెండూ కలిపి లెక్కగట్టాయి. కుట్రకు ఆధారం లేనప్పుడు ఎవరి దగ్గర దొరికింది వాళ్లకే లెక్కగట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకు ఈ సంగతి తెలుసు, అందుకే ఇలాంటి కేసుల్లో సెక్షన్ 29 అంటే కుట్ర కూడా కలుపుతారు. మీ ఎఫ్‌ఐఆర్‌లో 29 ఉందో లేదో చూడండి. లేకపోతే మీ వాదన చాలా బలంగా నిలబడుతుంది. ఉంటే, ఆ కుట్రకు ఏమిటి ఆధారం అని అడగాలి. ఒకే ఊరివాళ్లు కావడం, ఒకే బస్సు కోసం నిలబడటం సరిపోదని వాదించొచ్చు. ఫోన్ సంభాషణలు, ఒకే ఖాతా నుంచి డబ్బు, ఒకరే కొని ఇద్దరికీ పంచడం లాంటివి రికార్డులో ఉంటే మాత్రం కష్టం. పోలీసుల ముందు ఇద్దరూ ఒప్పుకున్నారని రిమాండ్ రిపోర్టులో రాసే పేరాను చూసి భయపడకండి. 2020లో తోఫాన్ సింగ్ తీర్పు సెక్షన్ 67 కింద అధికారులు తీసుకునే ఒప్పుకోలు కూడా సాక్ష్యంగా చెల్లదని తేల్చింది. పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు చెల్లదన్నది అంతకుముందు నుంచే తెలిసిందే.

విడివిడిగా తూయకుండా రెండు బ్యాగుల్లోని ప్యాకెట్లూ ఒకచోట పోసి ‘మొత్తం 22 కిలోలు’ అని రాసి ఉంటే? అప్పుడు అది బెయిల్ దశలోనే పనికొచ్చే ప్రొసీజర్ తప్పు. ఎందుకంటే ఎవరి దగ్గర ఎంత ఉందో ప్రాసిక్యూషన్ ఇక ఎప్పటికీ చెప్పలేదు. సరిచేసుకునే దారి వాళ్లకు లేదు. ఇలాంటి తప్పులే వెతకాలి.

తూకంలో ఇంకో రెండు చూడండి. గంజాయిని బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లుగా కట్టి, గోనెలోనో బ్యాగులోనో పెడతారు. 22 అన్నది బ్యాగు, కవర్లు, టేపుతో కలిపిన బరువా, సరుకు బరువా? ఆ తేడా రాయని పంచనామాలు చాలా చూశాను. 35 కిలోల కేసులో ఇది పట్టించుకోవాల్సిన విషయం కాదు. 20 గీతకు 2 కిలోలే పైన ఉన్న కేసులో తప్పకుండా పట్టించుకోవాలి. రెండోది గంజాయి నిర్వచనం. చట్టం సెక్షన్ 2లో గంజాయి అంటే మొక్కకు పూసిన లేదా కాసిన కొనలు అని ఉంది. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కావు. పంచనామాలో ‘ఆకులు, కాడలు, గింజలతో కూడిన గంజాయి’ అని రాసి, కొనలు వేరుచేయకుండా మొత్తం తూచి ఉంటే, 20 కిలోల గీత నిజంగా దాటిందా అన్న అనుమానం తీసుకురావచ్చు. దీనికి పీపీ 2020 నాటి హీరా సింగ్ తీర్పు చూపిస్తారు. కలిపిన తటస్థ పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని ఆ తీర్పు. మీ లాయర్ జవాబు ఇలా ఉండాలి: అది మత్తు పదార్థంలో వేరే పదార్థం కలిపిన మిశ్రమం గురించిన తీర్పు, ఇక్కడ ప్రశ్న చట్టం గంజాయి అని పిలిచే వస్తువు ఎంత ఉందన్నది. కొనలతో కలిసి ఉన్న ఆకులు కూడా లెక్కలోకే వస్తాయని ప్రాసిక్యూషన్ అంటుంది, ఆ మాటకు నిర్వచనంలోనే చోటుంది. కాబట్టి ఇది ఒంటరిగా నడిచే గ్రౌండ్ కాదు. బ్యాగుల వాదనకు తోడుగా నిలబడుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన మూడు తప్పులు.

సెక్షన్ 50 ఒంటిమీద సోదాకు సంబంధించినది. గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు ఉందని ముద్దాయికి చెప్పాలి. 1999లో బల్దేవ్ సింగ్, 2010లో విజయ్‌సింహ్ జడేజా, ఈ రెండు రాజ్యాంగ ధర్మాసనాల తీర్పులూ దీన్ని తప్పనిసరి చేశాయి. కానీ చేతిలోని బ్యాగు ఒంట్లో భాగం కాదని 2005లో పవన్ కుమార్ కేసులో చెప్పేశారు. ఒంటినీ, బ్యాగునూ రెండింటినీ సోదా చేస్తే 50 వర్తిస్తుందన్న వాదన కొంతకాలం నడిచింది. 2023లో రంజన్ కుమార్ చడ్ఢా తీర్పు తర్వాత అది కూడా బలహీనపడింది. మీ తమ్ముడి జేబులో ఏమీ దొరకలేదు, బ్యాగులోనే దొరికింది కాబట్టి ఈ గ్రౌండ్ మీద ఆశ పెట్టుకోవద్దు. పిటిషన్‌లో ఒక వాక్యంగా ఉంచుకోవచ్చు, వాదనలో మొదట ఎత్తకూడదు. జడ్జి మొదటి ఐదు నిమిషాల్లో వినేది బలహీనమైన గ్రౌండ్ అయితే తర్వాత చెప్పే బలమైనదాని మీద కూడా ఆసక్తి తగ్గుతుంది.

సమాచారం రాసి పైఅధికారికి 72 గంటల్లో పంపడం సెక్షన్ 42. అది ఇల్లు, గోదాము, ప్రైవేటు వాహనం లాంటి చోట్లకు. బస్టాండ్ పబ్లిక్ స్థలం, దానికి సెక్షన్ 43. అక్కడ ఆ షరతు లేదు. కారులో పట్టుకుని ఉంటే సంగతి వేరే. ప్రైవేటు వాహనం పబ్లిక్ ప్లేస్ కాదని 2021లో బూటా సింగ్ తీర్పు ఉంది, 42ను పూర్తిగా వదిలేస్తే చెల్లదని 2009లో కర్నైల్ సింగ్ రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకని పట్టుకున్న చోటు విషయంలో మీ తమ్ముడు చెప్పేదీ, పంచనామా చెప్పేదీ ఒకటేనా అన్నది అడగండి. ఎక్కడో కారులోనో గదిలోనో పట్టుకుని బస్టాండ్ అని రాశారని అతను అంటే, ఆ మాటకు సాక్ష్యం కావాలి. ఫోన్ టవర్ లొకేషన్, బస్టాండ్ సీసీటీవీ. సీసీటీవీ రికార్డింగ్ కొద్ది వారాల్లో చెరిగిపోతుంది, ఐదు నెలల తర్వాత దొరకడం కష్టం. ఫోన్ రికార్డులు మాత్రం భద్రపరచమని కోర్టులో ఇప్పుడైనా పిటిషన్ వేయొచ్చు. వేయాలి కూడా, ఎందుకంటే ఆలస్యమైతే అవీ పోతాయి.

ఇక 52-ఏ. దీని మీద మీరు విన్నది సగమే. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు శాంపిల్స్ మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలని చెప్పింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన రూల్స్ కూడా అదే అంటాయి. 2023లో సిమరన్‌జీత్ సింగ్, యూసుఫ్, మంగీలాల్ కేసుల్లో 52-ఏ పాటించలేదని శిక్షలు కొట్టేశారు. మీరు చూసిన వీడియోలు వీటి గురించే. ఆ తర్వాత రెండు తీర్పులు వచ్చాయి. 2024 డిసెంబర్‌లో కాశిఫ్ కేసులో, 52-ఏ కింద దరఖాస్తు ఆలస్యమైందన్న కారణంతో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. 52-ఏ ప్రధానంగా పట్టుకున్న సరుకును త్వరగా ధ్వంసం చేయడానికి 1989లో తెచ్చిన నిబంధన అని, దాన్ని పాటించడంలో లోపం ఒక్కటే బెయిల్‌కు ఆధారం కాదని చెప్పింది. 2025 జనవరిలో భారత్ ఆంబలే తీర్పు ఇంకాస్త వివరంగా వెళ్లింది. లోపం ఉన్నంత మాత్రాన కేసు పోదు, మిగతా సాక్ష్యం నమ్మేలా ఉందా అని చూడాలి. ముందు లోపం ఉందని ముద్దాయి ప్రాథమికంగా చూపించాలి, అప్పుడు చట్టాన్ని చాలావరకు పాటించామని రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్ మీద పడుతుంది.

కాబట్టి హైకోర్టులో ‘52-ఏ పాటించలేదు, బెయిల్ ఇవ్వండి’ అంటే పీపీ కాశిఫ్ తీర్పు చదువుతారు, వాదన అక్కడితో అయిపోతుంది. ఈ తీర్పుల తర్వాత చేయాల్సిన పని వేరు. లోపం వల్ల ఏం అనుమానం పుట్టిందో చూపించాలి. మీ తమ్ముడి బ్యాగులో దొరికిన వస్తువూ, ల్యాబ్ పరీక్షించిన వస్తువూ ఒకటేనా? ఈ ప్రశ్నకు రికార్డు జవాబు చెప్పలేకపోతే, అది ‘నేరం చేయలేదని నమ్మే సహేతుకమైన కారణం’ వైపు తీసుకెళ్తుంది. జవాబు చెప్పగలిగితే లోపం లోపంగానే మిగిలి, ట్రయల్‌లో క్రాస్ ఎగ్జామినేషన్‌కు పోతుంది.

దానికోసం తేదీల వరుస తయారు చేయాలి. ఇది లాయర్ దగ్గర కూర్చుని మీరు స్వయంగా చేయగలిగిన పని. సరుకు పట్టుకున్న రోజు, గంట. స్టేషన్ ప్రాపర్టీ రిజిస్టర్‌లో ఎక్కించిన రోజు. సెక్షన్ 55 ప్రకారం ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి) తన సీలు వేసినట్టు ఎక్కడైనా ఉందా. సెక్షన్ 57 కింద 48 గంటల్లో పైఅధికారికి పంపాల్సిన రిపోర్టు. మేజిస్ట్రేట్ దగ్గర 52-ఏ దరఖాస్తు ఎప్పుడు వేశారు, అసలు వేశారా. శాంపిల్ స్టేషన్ నుంచి ఎవరు, ఏ రోజు తీసుకెళ్లారు. ఎఫ్‌ఎస్‌ఎల్‌లో, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌లో, ఎప్పుడు అందింది. మధ్యలో శాంపిల్ ఎక్కడ ఉంది. గంజాయికి శాంపిల్ సాధారణంగా 24 గ్రాములు, రెండు సెట్లు. పంచనామాలో 24 గ్రాములు అని ఉండి ల్యాబ్ రిపోర్టులో మరో బరువు కనిపిస్తే, లేదా పంచనామాలో సీలు మీద ఉన్న అక్షరాలకూ ల్యాబ్ చూసిన సీలుకూ పొంతన లేకపోతే, అది బెయిల్ పిటిషన్‌లో మొదటి పేజీలో ఉండాల్సిన విషయం.

ప్యాకెట్ల సంగతి కూడా. రెండు బ్యాగుల్లో పదకొండు ప్యాకెట్లు ఉన్నాయనుకుందాం. శాంపిల్ ఎన్నింటి నుంచి తీశారు? ఒకేలా ఉండి, టెస్ట్ కిట్‌తో చూస్తే ఒకే ఫలితం వచ్చిన ప్యాకెట్లను లాట్‌గా కట్టి శాంపిల్ తీయడానికి అనుమతి ఉంది, గంజాయికి ఒక లాట్‌లో 40 వరకు. కాబట్టి ‘అన్నీ కలిపి తీశారు’ అన్నంత మాత్రాన తప్పు కాదు. అయితే ప్రతి ప్యాకెట్‌నూ కిట్‌తో చూశారని పంచనామాలో ఉందా? రెండు బ్యాగుల సరుకును ఒకే లాట్‌గా కలిపేశారా? కలిపి ఉంటే మీ తమ్ముడి బ్యాగులో ఉన్నది ఏమిటో విడిగా తేల్చిన పరీక్ష ఏదీ లేదని అర్థం. ఇది మళ్లీ ఆ రెండు బ్యాగుల వాదనకే బలం.

2024 జులై 1 తర్వాత జరిగిన సోదాలకు ఇంకొకటి ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం అంతా వీడియో తీసి మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఆ వీడియో ఉందా అని పిటిషన్‌లో అడగమనండి. ఉంటే బ్యాగు ఎవరి చేతిలో ఉందో, తూకం ఎలా వేశారో అందులో కనిపిస్తుంది, మీకు అనుకూలమో ప్రతికూలమో తేలిపోతుంది. లేకపోతే ఎందుకు లేదో వాళ్లు చెప్పాలి. వీడియో లేదన్న ఒక్క కారణంతో ఎన్‌డీపీఎస్ బెయిల్ ఖాయమని ఎవరైనా అంటే నమ్మొద్దు. మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, వీఆర్వోలను పెట్టారు, బయటివాళ్లు లేరు అన్న వాదన కూడా బెయిల్ దశలో పెద్దగా నడవదు, దాని మీద సమయం పెట్టక్కర్లేదు.

అరెస్టు కారణాలు చెప్పారా అన్నది వేరే అంశం, కానీ చూడాల్సినదే. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ తీర్పులో, అరెస్టుకు కారణాలు తెలియజేయకపోతే అది రాజ్యాంగంలోని 22(1) అధికరణ ఉల్లంఘన అని, అరెస్టే చెల్లదని, చట్టంలో బెయిల్‌కు ప్రత్యేక ఆంక్షలున్నా కోర్టు విడుదల చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పామని రుజువు చేసే భారం పోలీసులదే. మీ తమ్ముడికి రాతపూర్వకంగా ఏమిచ్చారు, అతనికి అర్థమయ్యే భాషలో ఉందా, మీ ఇంట్లో ఎవరికి, ఎప్పుడు ఫోన్ చేశారు, ఇవన్నీ అతన్ని ములాఖత్‌లో అడిగి రాసుకోండి. ఆ తర్వాత వచ్చిన తీర్పుల్లో ముద్దాయికి నిజంగా నష్టం జరిగిందా అని చూసినవీ ఉన్నాయి. అందుకని ఈ గ్రౌండ్ ఉంటే వేయాలి, దీని ఒక్కదాని మీదే కూర్చోకూడదు.

ఇప్పుడు ఐదు నెలల సంగతికి వస్తాను. మీ ప్రశ్నలో అన్నిటికంటే అత్యవసరమైనది ఇదే.

కమర్షియల్ క్వాంటిటీ కేసులో సెక్షన్ 36-ఏ(4) ప్రకారం 180 రోజుల్లో ఛార్జిషీట్ వేయాలి. వేయకపోతే ఆ కారణంతోనే బెయిల్ పొందే హక్కు వస్తుంది, దీన్నే డీఫాల్ట్ బెయిల్ అంటారు. దీనికి సెక్షన్ 37 అడ్డం రాదు, కేసు బలాబలాలు చూడరు, ప్రొసీజర్ తప్పుల చర్చే అక్కర్లేదు. ఐదు నెలలంటే దాదాపు 150 రోజులు. ఇంకో నెలే ఉంది. మొదటిసారి రిమాండ్ చేసిన రోజును కూడా కలిపి లెక్కపెట్టాలని 2023లో కపిల్ వధావన్ కేసులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. క్యాలెండర్ ముందు పెట్టుకుని లాయర్‌తో కలిసి ఆ తేదీ ఇవాళే ఖరారు చేసుకోండి.

హక్కు దానంతట అది ఇంటికి రాదు. గడువు ముగిసిన మరుసటి రోజు కోర్టు తెరవగానే పిటిషన్ వేయాలి, ష్యూరిటీలు ఇవ్వడానికి సిద్ధమని అందులోనే రాయాలి. పిటిషన్ వేశాక సాయంత్రం ఛార్జిషీట్ పడినా హక్కు పోదని 2020లో రవీంద్రన్ తీర్పు స్పష్టం చేసింది. పిటిషన్ వేయకముందే ఛార్జిషీట్ పడితే మాత్రం హక్కు పోయినట్టే. పూట ఆలస్యంతో దీన్ని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ప్రాసిక్యూషన్ గడువు పొడిగింపు అడగొచ్చు, మొత్తం కలిపి ఏడాది వరకు. దానికి షరతులున్నాయి. దర్యాప్తు అధికారి ఉత్తరం సరిపోదు, పీపీ తన బుర్ర పెట్టి రాసిన రిపోర్టు కావాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, 180 రోజులు దాటి ఇంకా ఎందుకు లోపల ఉంచాలో అందులో ప్రత్యేకంగా ఉండాలి. 2009 నాటి సంజయ్ కుమార్ కేడియా తీర్పు ఇదే చెబుతుంది. ‘ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు రాలేదు’ అన్న ఒక్క వాక్యంతో పొడిగింపు అడిగితే గట్టిగా వ్యతిరేకించాలి. పొడిగింపు అడుగుతున్నట్టు ముద్దాయికి తెలియాలి, అతన్ని కోర్టు ముందు హాజరుపరచాలి, 2022లో జిగర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పనిసరి హక్కుగా చూసింది. ఆ కేసు వేరే చట్టం కిందిదైనా ఆ సూత్రం ఇక్కడికీ వాడుకుంటున్నారు. కాబట్టి ఇప్పటినుంచి ప్రతి వాయిదాకూ మీ లాయర్ కోర్టులో ఉండాలి. గడువు ముగిసే వారంలో రోజూ ఫైలింగ్ సెక్షన్‌లో ఛార్జిషీట్ గానీ, పొడిగింపు పిటిషన్ గానీ పడిందా అని కనుక్కోవాలి. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు లేకుండా ఛార్జిషీట్ వేస్తే అది పూర్తి ఛార్జిషీటేనా అన్నదాని మీద హైకోర్టులు రెండు రకాలుగా చెప్పాయి. అలాంటి పరిస్థితి వస్తే డీఫాల్ట్ బెయిల్ పిటిషన్ వేసి వాదించడంలో తప్పు లేదు, కానీ దాని మీదే ధీమాగా ఉండకూడదు.

ఈలోపు హైకోర్టులో రెగ్యులర్ బెయిల్ వేయొచ్చా? వేయొచ్చు. అది పెండింగ్‌లో ఉన్నా డీఫాల్ట్ హక్కుకు అడ్డం కాదు. సెషన్స్ కోర్టు కొట్టేసిన ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఒకటికి రెండుసార్లు చదవండి. జడ్జి తూకం గురించి ఏమన్నారు, రెండు బ్యాగుల వాదన ఆయన ముందు పెట్టారా లేదా అన్నది తెలుస్తుంది. పెట్టకపోతే అమరావతిలోని హైకోర్టులో అది కొత్త గ్రౌండ్‌గా నిలుస్తుంది. అతని స్నేహితుడికి ఇప్పటికే ఎక్కడైనా బెయిల్ వచ్చిందేమో కూడా కనుక్కోండి, ఒకే రకమైన పాత్ర ఉన్న సహ ముద్దాయికి వస్తే ఆ ఆర్డర్ జతచేయాలి.

ఇంకా చాలాకాలం లోపలే ఉండాల్సి వస్తే, ట్రయల్ కదలకపోతే, మహమ్మద్ ముస్లిం తీర్పు, రబీ ప్రకాశ్ తీర్పు, రెండూ 2023వే, అప్పుడు పనికొస్తాయి. మొదటి కేసులో ఏడేళ్లకు పైగా, రెండోదాంట్లో మూడున్నరేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. విచారణ ఎప్పటికి ముగుస్తుందో తెలియకుండా ఇన్నేళ్లు ఉంచడం జీవించే హక్కుకు విరుద్ధమని, సెక్షన్ 37ను దానికి లోబడి చదవాలని కోర్టు అంది. ఐదు నెలల దగ్గర ఆ వాదన నిలవదు. కొందరు లాయర్లు ఇప్పుడే ఆ తీర్పులతో పిటిషన్ నింపేస్తారు. పేజీలు పెరుగుతాయి తప్ప ప్రయోజనం లేదు.

సెక్షన్ 37లో రెండో షరతును అందరూ మర్చిపోతారు. మళ్లీ నేరం చేయడని జడ్జి నమ్మాలంటే కాగితాలు కావాలి. పాత కేసులు లేవన్న విషయం, చదువు సర్టిఫికెట్లు, ఉద్యోగం చేస్తుంటే జీతం స్లిప్పులు, సొంతూరి చిరునామా, ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్లు ఎవరు అన్నవి పిటిషన్‌తో జతచేయించండి. పాత కేసు ఏదైనా ఉంటే లాయర్ దగ్గర దాచొద్దు. పీపీ కౌంటర్‌లో అది వస్తుంది, అప్పటికి మీ పిటిషన్‌లో ‘ఏ కేసూ లేదు’ అని ఉంటే మిగతా మాటలకు కూడా విలువ పోతుంది.

లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జైల్లో నుంచి మీ తమ్ముడే దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా 15100కు మీరు ఫోన్ చేయొచ్చు. ఫలానా మొత్తం ఇస్తే బెయిల్ గ్యారంటీ అని చెప్పే మధ్యవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. పంచనామా మీద సంతకం పెట్టిన సాక్షులను కలవడానికి మీ ఇంట్లోవాళ్లు ఎవరూ వెళ్లకూడదు. మంచి ఉద్దేశంతో వెళ్లినా సాక్షుల్ని ప్రభావితం చేస్తున్నారని రాసేస్తారు, చేతికందిన బెయిల్ కూడా దానివల్ల రద్దవుతుంది.

ఈ వారంలో మీ చేతికి రావాల్సిన కాగితాలు ఎఫ్‌ఐఆర్, పంచనామా, రిమాండ్ రిపోర్టు, మొదటి రిమాండ్ ఆర్డర్, బెయిల్ కొట్టేసిన ఆర్డర్, ఒకవేళ వేసి ఉంటే 52-ఏ దరఖాస్తు. మొదటి రిమాండ్ తేదీ, ఒక్కో బ్యాగు బరువు, సెక్షన్ 29 ఉందా లేదా అన్న మూడు సంగతులు కనుక్కుని ఇక్కడ రాయండి. మీ తమ్ముడి పేరు, కేసు నంబరు మాత్రం బయట పెట్టకండి. అవి చూశాక హైకోర్టుకు ఇప్పుడే వెళ్లాలా, 180వ రోజు వరకు ఆగాలా అన్నది చెప్పగలను.